ఇంట్లో చేసుకున్న వాటితోనే ఇల్లు శుభ్రం: విశాఖ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కుంకుడు రసం సీసాతో కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు నన్ను ఆపి ఏదో ఒకటి అడుగుతారు. ఎనిమిదేళ్లుగా దాదాపు అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇవన్నీ మన ఊరి ఉప్పుగాలిని, బోరు నీళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

## మొదలుపెట్టే ముందు

అసలు ఏమేం కొనాలి? సామాను లిస్టు చెప్పండి.

కుంకుడుకాయలు, వంటసోడా, బట్టల సోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తెల్ల వెనిగర్. ఈ అయిదే. చింతపండు, రాళ్ల ఉప్పు, శనగపిండి ఎలాగూ వంటింట్లో ఉంటాయి. గిన్నెలు తోమడానికి ఎండిన బీరకాయ పీచు, గచ్చు తోమడానికి కొబ్బరి పీచు, తుడవడానికి పాత నూలు పంచెలు, లుంగీలు చాలు.

పూర్ణా మార్కెట్ కిరాణా కొట్లలో ఇవన్నీ విడిగా తూకానికి దొరుకుతాయి. కుంకుళ్లు, కొండ చీపుళ్లు మన ఏజెన్సీ అడవుల్లోనే వస్తాయి. గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ 1956లో మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. వాళ్ల దుకాణంలో దొరికినప్పుడు నేను అక్కడే కొంటాను.

వంటసోడా, బట్టల సోడా ఒకటే కదా?

కాదు. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. మెత్తగా పనిచేస్తుంది, చేతులకు పెద్దగా హాని చేయదు. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్. దానికి ఘాటు ఎక్కువ, ముదిరిన జిడ్డును కూడా వదిలిస్తుంది, చేతులు మాత్రం పొడిబారి మండుతాయి. గ్లవ్స్ వేసుకోవాలి. రెండూ తెల్లటి పొడులే కాబట్టి బట్టల సోడా డబ్బాను వంటింటి అలమరలో అస్సలు పెట్టకండి, పేరు రాసి విడిగా ఉంచండి. అల్యూమినియం గిన్నెలకు ఈ రెండూ వద్దు, నల్లబడతాయి.

ఏ మురికికి ఏది వాడాలో గుర్తుండటం లేదు. తేలిక దారి ఉందా?

మురికి ఎలా పుట్టిందో ఆలోచిస్తే చాలు. నూనె జిడ్డు అయితే సోడా. నీళ్లు ఆరిపోయి మిగిలిన తెల్ల చార అయితే పులుపు, అంటే నిమ్మ ఉప్పో వెనిగరో. ఇత్తడి, రాగి నల్లబడితే చింతపండు. మామూలు దుమ్ము, చెమట, మట్టి అయితే కుంకుడు రసం. ఫంగస్ అయితే ముందు గాలి, ఎండ, తర్వాతే ఏ సీసా అయినా.

చాలామంది ఒకే ద్రవంతో ఇల్లంతా కడగాలని చూసి, జిడ్డు మీద వెనిగర్ పోసి, ‘ఇవేవీ పనిచేయవు’ అని మానేస్తారు. పనిచేయకపోవడం వస్తువు తప్పు కాదు. దాన్ని వేరే మురికి మీద వాడారు, అంతే.

ఖర్చు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. కాకపోతే డబ్బు బదులు కొంత సమయం పెట్టాలి. వారానికి ఒక గంట కుదరదనుకుంటే అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు నేల తుడిచే ద్రవం ఒక్కటి మార్చి చూడండి.

## తయారు చేసేటప్పుడు

కుంకుడు రసం ఎలా కాయాలి?

పదిహేను, ఇరవై కాయలు కొట్టి గింజలు తీసేయండి. పై తొక్కను లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే సన్న సెగ మీద ఇరవై నిమిషాలు కాయండి. పెద్ద గిన్నె తీసుకోండి, ఎందుకంటే నురగ అంచులు దాటి పొయ్యి మీద పడుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసికి, పల్చటి నూలు గుడ్డలో వడకట్టండి. పిప్పిని పారేయకుండా సింకు తోమడానికి వాడుకోవచ్చు.

నురగ ఇచ్చేది తొక్కలోని సపోనిన్ అనే పదార్థం. బోరు నీళ్లలో సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, చూసే ఉంటారు. కుంకుడు అలా విరగదు. ఉప్పదనం ఉన్న బోరు మీద బతుకుతున్న మన తీరప్రాంతం ఇళ్లకు ఇది సరిగ్గా సరిపోతుందని నేను గట్టిగా చెప్పేది అందుకే. కంట్లో పడితే మాత్రం చాలా మండుతుంది. పిల్లలు దగ్గర ఉంటే జాగ్రత్త.

రెండు రోజులకే పులిసిపోయి వాసన వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

తప్పేమీ లేదు. మన ఉక్కకు బయట పెడితే రెండు రోజులే నిలుస్తుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. లీటరుకు ఒక చెంచా నిమ్మ ఉప్పు వేస్తే ఇంకాస్త ఆగుతుంది, కానీ ఆ రసాన్ని మార్బుల్ మీద వాడకూడదు. నేను ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి పెడతాను. బకెట్‌లో రెండు ముక్కలు వేస్తే నేల తుడవడానికి సరిపోతుంది.

బయో ఎంజైమ్ కొలతలు చెప్పండి. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

బయో ఎంజైమ్ అంటే పళ్ల తొక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసుకునే, ఇల్లు తుడిచే ద్రవం. బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్లు పది వంతులు. అంటే 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల తొక్కలు, లీటరు నీళ్లు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకోండి, పైన ఖాళీ ఉండాలి. బత్తాయి, నిమ్మ, కమలా తొక్కలు శ్రేష్ఠం. వేసవిలో జ్యూస్ బండి వాళ్లను అడిగితే సంచి నిండా తొక్కలు ఊరికే ఇస్తారు. సింహాచలం కొండ అనాసపళ్లు వచ్చే రోజుల్లో ఆ తొక్కలు కూడా వేస్తాను. కుళ్లినవి, వండినవి వేయకండి.

నీడలో మూడు నెలలు ఉంచాలి. సీసా మీద తేదీ రాయండి, లేకపోతే ఎప్పుడు కలిపారో గుర్తుండదు. పైన తెల్లటి పొర కడితే కంగారు వద్దు, కలిపేయండి. కుళ్లు వాసన వస్తే ఇంకొంచెం బెల్లం వేసి చూడండి. నెల దాటినా కుళ్లు వాసనే ఉంటే మొక్కల ఎరువు గుంటలో పోసి మళ్లీ మొదలుపెట్టండి. వడకట్టాక నేలకైతే అర బకెట్ నీళ్లకు రెండు మూడు మూతలు కలిపితే చాలు.

సీసా పేలుతుందని భయంగా ఉంది. గాజు సీసాలో పెట్టొచ్చా?

గాజు సీసా వద్దే వద్దు. బెల్లం పులిసేటప్పుడు కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది, మూత బిగించి ఉంటే నిజంగానే పగులుతుంది. ప్లాస్టిక్ సీసాలో పెట్టి, మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనిచ్చి మళ్లీ బిగించండి. తర్వాత వారానికోసారి చాలు. ఊరు వెళుతుంటే మూత వదులుగానే వదిలి వెళ్లండి.

వెనిగర్, వంటసోడా కలిపితే బుసబుసా పొంగుతుంది కదా. మురికి వదిలేది దానివల్లే కదా?

ఇది నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిసినప్పుడు ఒకదాని బలాన్ని ఇంకొకటి తీసేస్తుంది. పొంగేది కార్బన్ డై ఆక్సైడ్. అది పోయాక గిన్నెలో మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లలాంటిదే. కలిపి సీసాలో దాచుకుంటే రెండు వస్తువులూ వృథా, పైగా మూత ఎగిరిపోతుంది. సోడాతో ముందు జిడ్డు తీసి, కడిగి, ఆ తర్వాత వెనిగర్‌తో తెల్ల చార తీయండి. విడివిడిగా వాడితేనే రెండిటి బలమూ మీకు దక్కుతుంది.

## గదిగదికీ వాడేటప్పుడు

గ్యాస్ పొయ్యి వెనక టైల్స్ మీద జిడ్డు ముదిరిపోయింది. ఎంత తోమినా పోవడం లేదు.

తోమకండి, నానబెట్టండి. లీటరు వేడి నీళ్లలో రెండు చెంచాల బట్టల సోడా కలిపి, పాత గుడ్డలు అందులో ముంచి టైల్స్‌కు అతికించి ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత గుడ్డతోనే లాగితే చాలావరకు వచ్చేస్తుంది. రెండుసార్లు మంచి నీళ్లతో తుడవండి. గ్లవ్స్ మర్చిపోవద్దు. చిమ్నీ జాలీ అల్యూమినియందైతే సోడా బదులు వేడి కుంకుడు రసంలో నానబెట్టండి.

ఆదివారం చేపలు కడిగాక సింకు, గిన్నెలు, చేతులు అన్నీ వాసనే. సోమవారం దాకా పోదు.

హార్బర్ నుంచి తాజా వంజరం తెచ్చినా, చిన్న చేపలు తెచ్చినా ఈ బాధ అందరికీ ఉన్నదే. చేప వాసనకు ముఖ్య కారణం ట్రైమిథైలమైన్ అనే పదార్థం. అది క్షార గుణం ఉన్నది కాబట్టి పులుపు తగిలితే వాసన అణిగిపోతుంది. మన పెద్దవాళ్లు చేపల పులుసులో చింతపండు వేయడమే కాకుండా, ఆ పిప్పితోనే చేతులు రుద్దుకునేవాళ్లు. అది సరైన పద్ధతి.

ముందు అన్నీ చన్నీళ్లతో కడగండి. వేడి నీళ్లు మొదట పోస్తే చేప రసంలోని మాంసకృత్తులు ఉడికి గిన్నెకు అతుక్కుంటాయి. చాలామంది ఇళ్లలో వాసన మిగిలిపోయేది అక్కడే. తర్వాత శనగపిండితో గిన్నెలు రుద్దితే నూనె పీల్చుకుంటుంది. ఆ తర్వాత పులుసు తీసిన చింతపండు పిప్పితోనో పిండేసిన నిమ్మ చెక్కలతోనో సింకంతా రుద్ది, అయిదు నిమిషాలాగి కడగండి. చివర్లో మాత్రమే వేడి నీళ్లు. కోసిన చెక్క పలకకు రాళ్ల ఉప్పు, నిమ్మ చెక్క పట్టించి ఎండలో పెట్టండి. పొలుసులు, పేగులు సింకులోకి పోనివ్వకండి. ఆ గొట్టంలో కుళ్లేదాన్ని ఏ ద్రవమూ బాగుచేయలేదు.

మా ఇంట్లో నేల మార్బుల్. నిమ్మ, వెనిగర్ వాడొచ్చా?

వద్దు. మార్బుల్, కడప బండ, షాబాద్ బండ, మొజాయిక్ అన్నిటిలోనూ సున్నపురాయి గుణం ఉంటుంది. పులుపు పడితే మెరుపు పోయి గరుకు మచ్చ మిగులుతుంది, దాన్ని పాలిష్ పట్టించాల్సిందే. బయో ఎంజైమ్ కూడా పుల్లటిదే, అదీ వద్దు. నిమ్మ ఉప్పు కలపని కుంకుడు రసం పావు గ్లాసు, అర బకెట్ నీళ్లలో చాలు. ఎక్కువ వేస్తే నేల జిగటగా ఉంటుంది. విట్రిఫైడ్ టైల్స్‌కు ఈ భయం లేదు.

రోజూ ఉప్పు నీళ్లతో ఇల్లు తుడవడం మంచిదంటారు. నిజమేనా?

శుక్రవారం ఉప్పు నీళ్లతో తుడిచే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. మానమని నేను చెప్పను. కానీ ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. తేమ మనకు అసలే ఎక్కువ. రోజూ తుడిస్తే నేల జిగటగా మారి, దుమ్ము అంటుకుని, బీరువా కాళ్లు, ఫ్రిజ్ స్టాండు తుప్పుపడతాయి. తుడిచిన గంటకు మంచి నీళ్లతో ఇంకోసారి తుడవండి.

పోర్టు దగ్గర ఉంటాం. కిటికీల్లో నల్ల దుమ్ము. తడిగుడ్డ పెడితే ఇంకా పూసుకుపోతోంది.

వన్ టౌన్, మల్కాపురం వైపు వాళ్ల నుంచి ఈ మాట చాలాసార్లు విన్నాను. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుమతులు, ఎగుమతులు జరుగుతాయి. బొగ్గు పొడి నీళ్లతో సరిగా తడవదు, అందుకే ఉత్త నీళ్లతో తుడిస్తే పూసుకుపోతుంది. నీళ్లలో కుంకుడు రసం కొంచెం కలిపితే పొడి తడిసి గుడ్డకు పట్టుకుంటుంది. పైనుంచి కిందికి ఒకే వైపు తుడిచి, గుడ్డ మడత మార్చండి. పొడిగుడ్డతో మాత్రం విదిలించకండి, ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బోరు నీళ్లకు బకెట్లు, కుళాయిలు, షవర్ అన్నీ తెల్లగా అయిపోయాయి.

నీళ్లలోని కాల్షియం అది. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. షవర్‌కు ఆ నీళ్లు నింపిన కవరు కట్టండి. తర్వాత బీరకాయ పీచుతో రుద్దితే చాలు. గంటలకొద్దీ ఉంచితే కుళాయి పూత పోతుంది.

టాయిలెట్‌కు యాసిడ్ పూర్తిగా మానేయొచ్చా?

మానేయొచ్చు. నేను మానేశాను. రాత్రి పడుకునే ముందు రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు చల్లి, పొద్దున్న బ్రష్‌తో రుద్దండి. ఏళ్ల తరబడి గడ్డకట్టిన పసుపు చారలైతే వరసగా నాలుగైదు రాత్రులు పడుతుంది. సైకిల్ మీద పేరు లేని సీసాల్లో అమ్మే యాసిడ్ ఎంత ఘాటుగా ఉంటుందో ఎవరికీ తెలియదు. దాని పొగ పీల్చి దగ్గుతూ బాత్రూం కడిగేది సాధారణంగా ఇంటి ఆడవాళ్లో, పనికి వచ్చే ఆవిడో. నాకు ఈ ఒక్క విషయంలో మొహమాటం లేదు, యాసిడ్ సీసా ఇంట్లో ఉండకూడదు.

ఇత్తడి కుందులు చింతపండుతో తోమితే ఎర్రటి మచ్చలు వస్తున్నాయి.

ఎక్కువసేపు ఉంచారు. పులుపు ఇత్తడిలోని జింకును కూడా లాగేస్తే రాగి రంగు బయటపడుతుంది. చింతపండు, చిటికెడు ఉప్పుతో రెండు నిమిషాలు తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తడి ఆరబెట్టడానికి వదిలేస్తే మన గాలికి సాయంత్రానికే మళ్లీ నల్లబడతాయి.

వాషింగ్ మెషీన్‌లో కుంకుడు రసం పోయొచ్చా?

బాగా వడకట్టి అర గ్లాసు పోయండి. పట్టు, రంగు నూలు బట్టలకు చాలా మంచిది. తెల్ల బట్టలకు వద్దు, లేత గోధుమ ఛాయ వస్తుంది.

## ఉప్పుగాలి, వానాకాలం

కిటికీ గ్రిల్స్ ఏడాదికే తుప్పుపడుతున్నాయి. ఇంట్లో చేసే వైద్యం ఏదైనా ఉందా?

ఉంది, అది మంచి నీళ్లు. గాలిలో వచ్చిన ఉప్పు ఇనుము మీద పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టే తుప్పు. బీచ్ రోడ్డుకు దగ్గర ఇళ్లయితే వారానికోసారి తడిగుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. రంగు లేచిన చోట తుప్పు గీకి, కొబ్బరినూనె పలచగా రాస్తే రంగు వేయించేదాకా కాస్త ఆపుతుంది. తుప్పు మీద నిమ్మరసం పోసి వదిలేయకండి. తుప్పు పోతుంది కానీ కింద ఉన్న ఇనుము వెంటనే మళ్లీ తుప్పుపడుతుంది.

బీరువాలో పట్టుచీరలకు, తోలు చెప్పులకు ఫంగస్. కర్పూరం పెట్టినా ఆగడం లేదు.

కర్పూరం పురుగులకు పనికొస్తుంది, వాసన మారుస్తుంది. తేమను తీయదు. ఫంగస్‌కు కావలసింది తేమే. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎండ వచ్చిన ప్రతి రోజూ ఒక గంట బీరువా తలుపులు తీసి, ఎదురుగా ఫ్యాను పెట్టండి. బీరువాను గోడకు ఆనించకండి, జానెడు దూరం ఉండాలి. చీరలు పాలిథిన్ కవర్లలో కాదు, పాత నూలు గుడ్డల్లో చుట్టండి. చెప్పులకు వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

గోడ మీద నల్ల ఫంగస్‌కు వెనిగర్ కొట్టొచ్చా?

పెయింటు గోడకైతే కొట్టొచ్చు. నీళ్లు కలపని తెల్ల వెనిగర్ చల్లి, గంట ఆగి, తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను వేసి ఆరబెట్టండి. మాస్కు పెట్టుకోండి. పొడి చీపురుతో గీకితే ఆ పొడి గదంతా ఎగురుతుంది. సున్నం వేసిన గోడకు మాత్రం వెనిగర్ వద్దు, సున్నాన్ని కరిగిస్తుంది. అసలు సున్నానికి ఉన్న క్షార గుణమే ఫంగస్‌ను అడ్డుకునేది. పాత ఇళ్లలో ఏటా సున్నం వేయడం అందం కోసమే కాదు. నెలలోపే మళ్లీ అదే చోట వస్తుంటే పైపు కారుతోందో, స్లాబు నెమ్ము దిగుతోందో చూపించుకోండి.

తుఫాను వచ్చి ఇంట్లోకి నీళ్లు చేరితే ఇవే వాడాలా?

వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి, ఉప్పు కలిసిన వాన నీళ్లు, ఆకుల తుక్కు గోడలకు అంటుకుపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. పై అంతస్తు కాబట్టి మాకు వాన నీళ్లే. వాటికి మంచి నీళ్లు, కుంకుడు సరిపోయాయి. కానీ కాలువ నీళ్లు, గెడ్డ (వాగు) నీళ్లు కలిసిన వరద ఇంట్లోకి వస్తే అది మురుగు. ముందు బురద కడిగి, తర్వాత బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. పరుపులు, దిండ్లు తడిస్తే వదిలేసుకోవడమే మేలు.

## జాగ్రత్తలు, పని చేయనప్పుడు

ఏవేవి కలపకూడదు?

బ్లీచింగ్ పౌడర్‌తో గానీ బ్లీచ్‌తో గానీ వెనిగర్, నిమ్మ ఉప్పు, టాయిలెట్ యాసిడ్ ఏవీ కలవకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. బ్లీచ్‌తో అమ్మోనియా ఉన్న అద్దాల ద్రవం కూడా వద్దు. ఒకటి వాడిన చోట బాగా నీళ్లు పోసి కడిగాక, ఇంకో రోజు రెండోది వాడండి.

ఇంట్లో ఒకరికి వాంతులు, విరేచనాలు. వెనిగర్‌తో తుడిస్తే క్రిములు చస్తాయా?

దాన్ని నమ్ముకోకండి. వెనిగర్, నిమ్మ, కుంకుడు శుభ్రం చేస్తాయి. ఇలాంటి జబ్బుల క్రిములను నమ్మకంగా చంపలేవు. 5 శాతం బ్లీచ్ ద్రావణమైతే లీటరు నీళ్లకు 20 మి.లీ. కలిపి, ముందు మురికి తుడిచేసిన చోట పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. కిటికీలు తెరవండి. అవసరమైన రోజు బ్లీచ్ వాడటం తప్పు కాదు. రోజూ వాడకపోవడమే మన ఉద్దేశం.

పాకే పాప ఉంది, పిల్లి కూడా ఉంది. ఇంట్లో చేసినవే కదా, భయం లేదా?

ఉంది. కర్పూరం మింగితే పసిపిల్లలకు విషం. టీ ట్రీ, యూకలిప్టస్, నారింజ నూనెలు పిల్లులకు పడవు, నేల తుడిచే నీళ్లలో వేయకండి. బయో ఎంజైమ్ సీసా జ్యూస్‌లాగే కనిపిస్తుంది, పాత కూల్‌డ్రింక్ సీసాలో పెడితే పెద్ద అక్షరాలతో పేరు రాసి పై అరలో పెట్టండి.

మిగిలిన కుంకుడు నీళ్లు ఎక్కడ పోయాలి?

మామూలు తూములో పోయొచ్చు, మట్టిలో త్వరగా కలిసిపోతుంది. అక్వేరియం, తామర తొట్టి, చెరువు, గెడ్డ దగ్గర మాత్రం పోయకండి. సపోనిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. సహజమైనది అంటే ఎవరికీ హాని లేనిది అని కాదు.

పనికి వచ్చే ఆవిడ ‘నురగే రావట్లేదమ్మా, నాకొద్దు’ అంటోంది. ఏం చేయాలి?

మా లక్ష్మక్క కూడా అదే అంది. ఆమె చెప్పిందాంట్లో న్యాయం ఉంది. నురగ లేకపోతే ఎక్కువ తోమాలేమోనని, చేతులు నొప్పెడతాయని భయం. అందుకని నేను గిన్నెలు ముందే నానబెట్టి ఉంచడం మొదలుపెట్టాను, జిడ్డు గిన్నెలు శనగపిండితో నేనే తుడిచి వేస్తాను. రెండు నెలలు పోయాక వేళ్ల మధ్య పగుళ్లు తగ్గాయని ఆమే చూపించింది. ఇప్పుడు కుంకుళ్లు అయిపోతే నాకంటే ముందు ఆమే గుర్తు చేస్తుంది.